తాళంచెవి ఇచ్చే ముందు

హోసూరు రోడ్డును ఆనుకుని ఉన్న బొమ్మనహళ్ళిలో గార్మెంట్ ఫ్యాక్టరీలకూ, కట్టడం పనులకూ వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఉన్నాయి. తల్లిదండ్రులు షిఫ్టుకు వెళ్తే ఇంట్లోని స్కూటర్ తాళం పదిహేనేళ్ళ పిల్లవాడి చేతికి వస్తుంది. పాల ప్యాకెట్ కోసం సందులో మొదలైన ప్రయాణం లారీలు, కంపెనీ బస్సులు తిరిగే రోడ్డు మీదికి చేరడానికి ఎంతోకాలం పట్టదు.

గేర్లు లేని, 50 సీసీ మించని బండికి 16 ఏళ్ళు, మిగతా మోటారు బండ్లకు కనీసం 18 ఏళ్ళు నిండాలి. 2019 సవరణతో వచ్చిన 199ఎ సెక్షన్ ప్రకారం మైనర్ చేసిన నేరానికి సంరక్షకుడికో, బండి యజమానికో మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు. డెలివరీ, క్యాబ్ పనుల మీద ఆశ పెట్టుకున్న పేద ఇంటి యువకుడికి అది ఏడేళ్ళ బతుకుదెరువు.

శిక్ష భయం ఒక్కటే పిల్లలకు బండి నడపడం నేర్పదు. డబ్బున్నవారు డ్రైవింగ్ స్కూలుకు పంపుతారు. మన పిల్లలు స్నేహితుల వెనక కూర్చుని నేర్చుకుంటున్నారు.

మన సంఘాల్లో ఆటో, క్యాబ్, బస్సు నడిపే సోదరులు ఉన్నారు. నెలకొక ఆదివారం సాయంత్రం రెండు గంటలు ఇవ్వాలని వారిని కోరుతున్నాము. రోడ్డు గుర్తులు, లారీ డ్రైవరుకు కనబడని పక్కలు, వానలో బ్రేకు వేసే తీరు, హెల్మెట్ పట్టీ బిగించడం నేర్పడానికి బండి ఎక్కించనక్కర్లేదు. వయసు నిండాక లెర్నర్ లైసెన్సు తీయించి ఆర్టీఓ పరీక్షకు సిద్ధం చేయవచ్చు.

అంతవరకు తాళంచెవి పెద్దల దగ్గరే ఉండాలి. పిల్లలకు వద్దని చెప్పే మనమే వారికి నేర్పే బాధ్యత కూడా తీసుకోవాలి.