మిగిలిపోయినోళ్ల డాన్స్ పాట



రిజల్ట్స్ వచ్చాయంటే మన గ్రూపు నిండా సీటొచ్చినవాళ్ల ఫొటోలే. సంతోషమే, నేనూ లైక్ కొడతా. సీటు రానోళ్లు ఏమయ్యారో మాత్రం ఒక్క పోస్టూ ఉండదు. ఈ మాట ఎత్తడానికి కారణం ఒక చిలీ బ్యాండు. పేరు లోస్ ప్రిసియోనెరోస్, అంటే ఖైదీలు.

శాంటియాగోలో సాన్ మిగేల్ అనే పనివాళ్ల పేట. అక్కడ ఒకే బడిలో కలిసినవాళ్లు హోర్హే గొన్సాలెస్, క్లౌదియో నరేయా, మిగేల్ తపియా. అది పినోచెట్ సైనిక పాలన కాలం. 1984లో మొదటి ఆల్బమ్ వచ్చింది. 1986లో వచ్చిన రెండోదాని పేరుకి అర్థం ‘రాళ్లు తన్నుకుంటూ’. అప్పటికి గిటారు కొంత వెనక్కి తగ్గి, సింథసైజర్, డ్రమ్ మెషీన్ ముందుకొచ్చాయి. ‘మిగిలిపోయినోళ్ల డాన్స్’ అనే పాట అందులోదే.

బడిలో అందరూ సమానమే అన్నారు, చదివితే బతుకు మారుద్దన్నారు. తీరా చదువయ్యాక కొందరికే దారి దొరికింది, మిగతావాళ్లు వీధిలో రాళ్లు తన్నుకుంటూ తిరుగుతున్నారు. పాట సంగతి ఇదే. ఊరికే పుట్టలేదు ఇది. 1980ల మొదట్లో పినోచెట్ ప్రభుత్వం సర్కారు బడుల్ని మున్సిపాలిటీల మీదికి నెట్టి, ప్రైవేటు బడులకు తలకింత అని డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది. పేద పేటలో బడి పేదదిగానే మిగిలింది.

అయినా అది ఏడుపు పాట కాదు. బీటు ఉంది, కుక్క మొరుగుడు కూడా ఉంది, వింటుంటే కాళ్లు ఆగవు. కీబోర్డు వచ్చిందంటే మన పాట పోయినట్టే అని గ్రూపులో కొందరు అంటారు. నేను ఒప్పుకోను. డోలు పక్కన పెట్టమనట్లేదు, మాట ఎవరిదో చూడమంటున్నా.

1988లో పినోచెట్ కొనసాగాలా వద్దా అని ఓటింగ్ పెడితే వీళ్లు బహిరంగంగా ‘వద్దు’ వైపు నిలబడ్డారు. కచేరీలు రద్దయ్యాయి. 1990 ఆల్బమ్ ‘కొరాసోనెస్’ దాదాపు అంతా సింథ్ మీద నడిచే ప్రేమ పాటలే, అప్పటికి నరేయా బయటికెళ్లిపోయాడు. మళ్లీ కలిసి 2001లో నేషనల్ స్టేడియాన్ని రెండు రాత్రులు నింపారు. 1973లో సైన్యం ఖైదీల్ని కుక్కింది ఆ స్టేడియంలోనే. తర్వాత మళ్లీ విడిపోయారు, అదంతా మామూలే.

2019 అక్టోబరులో మెట్రో టికెట్ 30 పెసోలు పెరిగితే స్కూలు పిల్లలు గేట్లు దూకారు. ఆ ఉద్యమంలో వీధుల్లో జనం పాడింది ఈ పాటే. వచ్చి 33 ఏళ్లయినా అది పాతబడలేదు. బ్యాండుకు గొప్పే గానీ, నాకైతే బాధనిపించింది.

ఒకటి చెప్పాలి, వాళ్లు ఆదివాసులు కారు, పట్నం పనివాళ్ల పిల్లలు. అక్కడి మపూచే ఆదివాసుల గోస వేరే. అందుకే అచ్చం మనలాంటోళ్లే అని కలిపేయను.

ఈసారి రిజల్ట్స్‌కి సీటు రానోళ్ల పేర్లు కూడా అడిగి పెడదాం, ఎవరికి ఏ కోర్సు, ఏ పని చూడొచ్చో కింద రాద్దాం. మొదట మా తమ్ముడి ఫొటో నేనే పెడతా, వాడు ఒప్పుకుంటే.