పళ్ల డాక్టరే ఎందుకు? అప్పు కంటే ముందు తేలాల్సిన ప్రశ్న

డాలస్‌లో మనవాళ్లు నలుగురు కలిస్తే పిల్లల చదువుల ప్రస్తావన రాకుండా ఉండదు. ఐదారేళ్ల క్రితం దాకా ఆ ప్రస్తావన కంప్యూటర్ సైన్స్‌తో మొదలై, ఏ యూనివర్సిటీలో సీటు వచ్చిందన్న దగ్గర ముగిసేది. ఈమధ్య ఇంకో మాట తరచుగా వినిపిస్తోంది. 'మావాడు ప్రీ-డెంటల్ అంటున్నాడు', 'మా అమ్మాయి డ్యాట్ పరీక్షకు చదువుతోంది' అని. ఎందుకని అడిగితే పిల్లల కంటే ముందు తల్లిదండ్రులే జవాబు చెబుతారు: 'లేఆఫ్ ఉండదు కదండీ!'

ఆ జవాబు ఎక్కడి నుంచి వచ్చిందో సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తున్న నాకు వేరే చెప్పనక్కర్లేదు. 2022 నవంబరులో మెటా 11 వేల మందిని, 2023 జనవరిలో గూగుల్ 12 వేల మందిని, మైక్రోసాఫ్ట్ 10 వేల మందిని తొలగిస్తున్నట్టు ప్రకటించాయి. ఆ తర్వాత కూడా కోతలు ఆగలేదు. దానికి తోడు ఇప్పుడు కోడ్ రాసే ఏఐ వచ్చింది. హెచ్‌1బీ మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే చేతిలో ఉండేది 60 రోజుల గడువు. ఆ 60 రోజులు ఇంట్లో అమ్మానాన్నల మొహాలు ఎలా ఉంటాయో చూసిన పిల్లలు 'మనకీ ఉద్యోగం వద్దు' అనుకోవడంలో వింత లేదు. అయితే ఒక వృత్తి అంటే భయం పుట్టడం వేరు, ఇంకో వృత్తి మీద ఇష్టం కలగడం వేరు. ఈ రెండింటికీ ఉన్న తేడాను 2026 నుంచి డాలర్లలో లెక్కగట్టాల్సి వస్తోంది. కారణం, విద్యా రుణాల నిబంధనలు మారడమే.

2025 జూలై 4న అధ్యక్షుడు ట్రంప్ సంతకం చేసిన 'వన్ బిగ్ బ్యూటిఫుల్ బిల్' చట్టంలో పన్నుల సంగతే అందరికీ తెలిసింది. విద్యా రుణాల భాగాన్ని మనలో చాలామంది చదవలేదు. 2006 నుంచి అమల్లో ఉన్న గ్రాడ్ ప్లస్ రుణం కింద డెంటల్ విద్యార్థులు కళాశాల చెప్పిన మొత్తం ఖర్చు వరకు ఫెడరల్ ప్రభుత్వం దగ్గరే అప్పు తీసుకోగలిగేవారు. 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవారికి ఆ రుణం లేదు. వైద్యం, దంతవైద్యం, న్యాయశాస్త్రం లాంటి వృత్తి కోర్సులకు ఏడాదికి 50 వేల డాలర్లు, మొత్తం మీద 2 లక్షల డాలర్లు మాత్రమే ఫెడరల్ రుణంగా దొరుకుతాయి. అంతకుముందే కోర్సులో చేరి అప్పు తీసుకుంటున్నవారికి కొంతకాలం పాత వెసులుబాటు ఉంది. ఇప్పుడు హైస్కూల్లో, కాలేజీలో ఉన్న మన పిల్లలకు అది వర్తించదు.

మరి డెంటల్ స్కూల్‌కు అయ్యేదెంత? అప్పుతో చదువు ముగిస్తున్న దంతవైద్యుల సగటు విద్యా రుణం ఇప్పటికే సుమారు 3 లక్షల డాలర్లు ఉంది. తూర్పు, పశ్చిమ తీరాల్లోని కొన్ని ప్రైవేటు డెంటల్ స్కూళ్లలో నాలుగేళ్ల ఫీజు, పరికరాలు, బస, భోజనం కలిపితే 5 లక్షలు దాటుతుంది. ప్రభుత్వం ఇచ్చే 2 లక్షలు పోగా మిగతాది ఎవరు పెట్టాలి? తల్లిదండ్రుల పొదుపులోంచి రావాలి, లేదా ప్రైవేటు బ్యాంకు ఇవ్వాలి. బ్యాంకు ఇచ్చేటప్పుడు తల్లిదండ్రుల క్రెడిట్ స్కోరు చూస్తుంది, హామీ సంతకం అడుగుతుంది. అంటే పిల్లల చదువు అప్పు ఇకపై ఇంటి అప్పు. ఫెడరల్ రుణానికి ఆదాయాన్ని బట్టి వాయిదా కట్టే పద్ధతి ఉంది. ప్రైవేటు రుణానికి ఆ దయ ఉండదు. ఉద్యోగం ఉన్నా లేకున్నా, ఒంట్లో బాగున్నా బాగోకపోయినా వాయిదా కట్టాల్సిందే.

ఒక చిన్న లెక్క వేద్దాం. 4 లక్షల అప్పు, 8 శాతం వడ్డీ, పదేళ్లలో తీర్చాలి. నెలకు కట్టాల్సింది దాదాపు 4,850 డాలర్లు. అమెరికా కార్మిక శాఖ గణాంకాల్లో 2024 మే నాటికి దంతవైద్యుల మధ్యస్థ వేతనం ఏడాదికి సుమారు లక్షా 79 వేలు, సాఫ్ట్‌వేర్ డెవలపర్లది సుమారు లక్షా 33 వేలు. పైకి చూస్తే పళ్ల డాక్టరుదే పైచేయి. కానీ రాష్ట్ర ఆదాయపు పన్ను లేని మా టెక్సస్‌లో కూడా, పెళ్లి కాని యువ డాక్టరుకు ఆ జీతంలో పన్నులు పోగా మిగిలే దాంట్లో 40 శాతానికి పైగా ఆ వాయిదాకే పోతుంది. పైగా చదువు పూర్తయిన ఏడాదే మధ్యస్థ వేతనం చేతికి రాదు. ఈలోగా సాఫ్ట్‌వేర్‌లో చేరిన స్నేహితుడు నాలుగేళ్లుగా సంపాదిస్తూ ఉంటాడు. దూరపు కొండలు నునుపు అన్నది ఇక్కడ అక్షరాలా నిజం. సొంత క్లినిక్ ఉన్నవారి ఆదాయం ఈ వేతన లెక్కల్లోకి రాదు, అది ఎక్కువే ఉండొచ్చు. అయితే సొంత క్లినిక్‌కు ఇంకో అప్పు కావాలి.

కాబట్టి దంతవైద్యం వద్దని నేను అనడం లేదు. ఎందుకు కావాలో ముందు తేలాలి అంటున్నాను. మన ఇళ్లలో వినిపించే కారణాలను ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది, లేఆఫ్ లేని ఉద్యోగం. ఇందులో కొంత నిజముంది. ఎక్స్‌రేలో పిప్పిపన్నును గుర్తించే ఏఐ సాఫ్ట్‌వేర్లకు 2022 నాటికే ఎఫ్‌డీఏ అనుమతులు వచ్చాయి. అయినా ఆ పన్నును తొలిచి ఫిల్లింగ్ పెట్టేది ఇప్పటికీ డాక్టరు చేయే. ఆ పనిని వేరే దేశానికి పంపడం కూడా కుదరదు. అయితే ఆర్థిక పరిస్థితి బాగోనప్పుడు జనం వాయిదా వేసే మొదటి ఖర్చుల్లో పళ్ల వైద్యం ఒకటి. డెంటల్ ఇన్సూరెన్సులు చాలావరకు ఏడాదికి వెయ్యి, రెండు వేల డాలర్ల దగ్గర ఆగిపోతాయి. వృద్ధుల మెడికేర్‌లో మామూలు పళ్ల వైద్యమే ఉండదు. క్రౌన్ వేయించుకోవాలంటే జేబులోంచి తీయాలి. రోగి ఉద్యోగం పోతే ఆ దెబ్బ డాక్టరుకూ తగులుతుంది.

రెండోది, ఎండీ కంటే దారి చిన్నది. ఇదీ నిజమే. నాలుగేళ్ల డిగ్రీ, నాలుగేళ్ల డెంటల్ స్కూల్ అయ్యాక చాలా రాష్ట్రాల్లో రెసిడెన్సీ లేకుండానే ప్రాక్టీసు పెట్టొచ్చు. రాత్రి డ్యూటీలు తక్కువ. పిల్లల్ని చూసుకుంటూ వారానికి మూడు, నాలుగు రోజులు పనిచేసే వీలుంది. డెంటల్ విద్యార్థుల్లో ఇప్పుడు సగానికి పైగా అమ్మాయిలే ఉన్నారంటే ఈ వెసులుబాటుకూ అందులో పాత్ర ఉంది. కానీ నెలకు 4,850 కట్టాల్సినవారు వారానికి మూడు రోజులు పనిచేయగలరా? అప్పు పెరిగేకొద్దీ ఈ కారణం దానంతటదే చిక్కిపోతుంది.

మూడోది, మన క్లినిక్, మన ఇష్టం. మన కుటుంబాలను బాగా ఆకర్షించేది ఇదే. అమెరికా దంతవైద్యుల్లో సొంత ప్రాక్టీసు ఉన్నవారు 2005లో నూటికి దాదాపు 85 మంది. ఇప్పుడు 75కు లోపే. చదువు అప్పుతో బయటికి వచ్చిన యువ డాక్టర్లు క్లినిక్ కొనలేక, వందల శాఖలున్న కార్పొరేట్ డెంటల్ సంస్థల్లో చేరుతున్నారు. అక్కడ జీతం బాగానే ఉండొచ్చు. కానీ రోజుకు ఇంతమందిని చూడాలి, ఇంత బిల్లు చేయాలి అనే లెక్కలు ఉంటాయి. మేనేజరు టార్గెట్లు వద్దని సాఫ్ట్‌వేర్ వదిలిన పిల్లలకు అవే టార్గెట్లు ఇంకో రూపంలో ఎదురవుతాయి.

ఇక నాలుగోది, చేతిపని మీద, మనుషుల మీద ఇష్టం. ఇది ఎక్కువగా పిల్లల నోట వినిపించేది, పెద్దలం అంతగా పట్టించుకోనిది. మా అమ్మాయి ఇప్పుడు పదకొండో తరగతి. డెంటల్ స్కూల్ అంటోంది. ఎందుకమ్మా అంటే 'చేత్తో చేసే పని కావాలి, పని అయిపోగానే ఎదుటి మనిషికి తేడా తెలియాలి' అంది. మంచి జవాబే. కానీ అది పదహారేళ్ల పిల్ల జవాబు. నోట్లోకి వంగి మెడ, నడుం నొప్పి పుట్టేలా రోజంతా పనిచేశాక కూడా ఆ జవాబు నిలబడుతుందా అన్నది క్లినిక్‌లో గంటల తరబడి నిలబడి చూస్తేనే తెలుస్తుంది. అందుకే ఈ వేసవికి రెండు క్లినిక్‌లలో షాడోయింగ్ అడిగాం. ఒకటి మా ఊరి మాల్ పక్కనే ఉన్నది, రెండోది తక్కువ ఆదాయం వారికి వైద్యం చేసే కమ్యూనిటీ క్లినిక్.

ఇష్టం నిలబడటం అంటే ఏమిటో తెలుసుకోవడానికి మనం దూరం వెళ్లక్కర్లేదు. ఆంధ్ర, తెలంగాణల్లో బీడీఎస్ చదివి, పెళ్లితోనో ఎంఎస్ పేరుతోనో ఇక్కడికి వచ్చిన అమ్మాయిలు మన అపార్ట్‌మెంట్లలోనే ఉన్నారు. వారిలో చాలామంది దంతవైద్యాన్ని మొదట కోరుకున్నవారు కాదు. ఎంసెట్ రోజుల్లోనూ, నీట్ వచ్చాకా అదే తంతు: ర్యాంకు ఎంబీబీఎస్‌కు అందకపోతే కౌన్సెలింగ్‌లో బీడీఎస్. ఎలాగైనా పేరు ముందు 'డాక్టర్' ఉండాలన్నది ఇంట్లోవారి పట్టుదల. ఇక్కడికొచ్చాక ఆ డిగ్రీతో నేరుగా ప్రాక్టీసు కుదరదు. ఐఎన్‌బీడీఈ పరీక్ష రాయాలి, క్యాపిడ్ ద్వారా దరఖాస్తు పెట్టాలి, సీటు వస్తే మళ్లీ రెండు నుంచి మూడేళ్లు చదవాలి. దానికి చాలాచోట్ల 2 లక్షల డాలర్ల పైనే ఖర్చు. సీటు కోసం ఎదురుచూస్తూ కొందరు పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్ చేస్తున్నారు, కొందరు డెంటల్ అసిస్టెంట్లుగా ట్రేలు సర్దుతున్నారు. టెస్టింగ్ కోర్సు నేర్చుకుని ఐటీలోకి వెళ్లిపోయినవారూ ఎందరో.

వెళ్లిపోయినవారిని తప్పుపట్టలేం. కానీ మిగిలినవారిని గమనించండి. పదిహేడేళ్ల వయసులో ర్యాంకు వారికి దంతవైద్యాన్ని ఇచ్చింది. ముప్పై ఏళ్ల వయసులో, అదెంత కష్టమో పూర్తిగా తెలిశాక, వారే దాన్ని మళ్లీ ఎంచుకున్నారు. రెండోసారి ఎంచుకోవడానికి వారికి సాయపడింది భద్రత కాదు, ఆ పని చేయకుండా ఉండలేకపోవడం. మన పిల్లలు ఈ వృత్తి గురించి అడగాల్సింది ముందు వీళ్లనే.

ఇంకో సంగతి వీసా. ఇక్కడ పుట్టిన పిల్లలకు ఈ ఇబ్బంది లేదు. మూడేళ్ల వయసులో హెచ్‌4 మీద వచ్చి, తల్లిదండ్రుల గ్రీన్‌కార్డు పదేళ్లు దాటినా రాక, 21 నిండగానే ఎఫ్‌1కు మారాల్సిన పిల్లలు మన మధ్య చాలామంది ఉన్నారు. వారికి ఆ 2 లక్షల ఫెడరల్ రుణం కూడా లేదు. పైగా అన్ని డెంటల్ స్కూళ్లూ విదేశీ విద్యార్థులను తీసుకోవు. ఇలాంటి ఇంట్లో పిల్లలు ప్రీ-డెంటల్ అనగానే మార్కుల కంటే ముందు, ఏ స్కూళ్లు తీసుకుంటాయో, డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో రాసుకోవాలి. అది వాళ్ల ఉత్సాహం మీద నీళ్లు చల్లడం కాదు. మూడేళ్ల తర్వాత తెలిసే నిజాన్ని ముందే చెప్పడం.

దారులు మూసుకుపోలేదు. సొంత రాష్ట్రంలోని ప్రభుత్వ డెంటల్ స్కూల్ అన్నిటికంటే మొదటి దారి. మా టెక్సస్‌లోనే హ్యూస్టన్, శాన్ ఆంటోనియో, డాలస్‌లతో పాటు 2021లో ఎల్ పాసోలోనూ ఒకటి మొదలైంది. రాష్ట్రవాసులకు ఫీజు ప్రైవేటు స్కూళ్లతో పోలిస్తే చాలా తక్కువ. డాక్టర్లు కరువైన ప్రాంతాల్లో రెండేళ్లు పనిచేస్తే నేషనల్ హెల్త్ సర్వీస్ కోర్ 50 వేల డాలర్ల దాకా అప్పు తీర్చే పథకం ఉంది. దానికి అమెరికా పౌరసత్వం కావాలి. అలాంటి చిన్న ఊరికి వెళ్లడానికి సిద్ధమైన పిల్లలకు అప్పూ తగ్గుతుంది, క్లినిక్ పెట్టుకునే వీలూ పెరుగుతుంది. కానీ ఇండియన్ స్టోరూ, గుడీ గంట దూరంలో ఉండే ఊరికి మా పిల్లలెందుకు అని మనమే అడ్డుపడతామేమో ఆలోచించుకోవాలి.

భయంతో ఎంచుకున్న వృత్తి ఆ భయం ఉన్నంతకాలమే బాగుంటుంది. సాఫ్ట్‌వేర్ మళ్లీ పుంజుకున్న రోజున, పక్కింటి పిల్లాడి జీతం విన్న రోజున, అప్పు మాత్రం అలాగే ఉంటుంది. హామీ సంతకం పెట్టే ముందు బ్యాంకు మనల్ని ఆదాయం గురించి అడుగుతుంది. మనం పిల్లల్ని అడగాల్సింది ఒక్కటే: 'లేఆఫ్‌లు అసలు లేని లోకంలో అయినా నువ్వు ఇదే చదువుతావా?' జవాబు అవునంటే ఎంత అప్పు మోయగలమో ఇంటిల్లిపాదీ కూర్చుని లెక్కవేయొచ్చు. జవాబు రాక పిల్లలు మన మొహం వంక చూస్తే, వాళ్లకింకా సమయం కావాలని అర్థం. డెంటల్ స్కూళ్లు ఏటా దరఖాస్తులు తీసుకుంటాయి. ఒక ఏడాది ఆగితే పోయేదేమీ లేదు.