లెక్క చెప్పే సభలో మన చోటు

శాసనసభ సమావేశాలు ముగిశాక ఎమ్మెల్యే ఊరికి వచ్చి చేసిన పని చెప్పడం ఉపకారం కాదు, బాధ్యత. కానీ చెబుతున్నది ఎవరికి? దండలతో, మంజూరైన రోడ్ల జాబితాతో సభ ముగుస్తుంది. వంటపని, కూలిపని వదిలి రాలేని స్త్రీలకు మర్నాడు మగవాళ్ళ నోట విన్నదే మిగులుతుంది.

కోనసీమలో తాటిపాకనే తీసుకుందాం. ఆ పక్కనే నగరం గ్రామంలో 2014 జూన్ 27 తెల్లవారుజామున గెయిల్ గ్యాస్ పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోయారు. వారిలో స్త్రీలు, పిల్లలు ఉన్నారు. పైపులైన్లు కేంద్రం పరిధిలోవి అంటే సరిపోదు. ఆసుపత్రులు, స్థానిక పాలన రాజ్యాంగం ప్రకారం రాష్ట్ర జాబితాలోవే. కాలిన గాయాలకు దగ్గరలో వైద్యం ఉందా? గ్యాస్ వాసన వస్తే ఎవరికి చెప్పాలో, ఎటు పరుగెత్తాలో ఇంట్లో ఉండే ఆడవాళ్ళకు ఎవరైనా చెప్పారా? ఇవి శాసనసభలో అడగదగ్గ ప్రశ్నలే.

అందుకే సభను మనకు వీలైన వేళ, మన పేటలో పెట్టమందాం. అక్కడ మూడే మాటలు అడుగుదాం: మా గురించి ఏ ప్రశ్న వేశారు? మంత్రి ఏం జవాబిచ్చారు? ఆ జవాబు అమలయ్యిందా? చెప్పిన సమాధానాలు రాసి ఉంచుదాం. వచ్చే సమావేశాల తర్వాత ఆ కాగితంతోనే మళ్ళీ వెళ్దాం.