పలుకు లేనిచోట చైతన్యం

ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఏడ్రియన్ ఓవెన్ బృందం చేసిన ఒక పరీక్ష 2006లో ప్రచురితమైంది. రోడ్డు ప్రమాదంలో మెదడు దెబ్బతిని, నెలల తరబడి ఉలుకూ పలుకూ లేకుండా ఉన్న 23 ఏళ్ల యువతిని టెన్నిస్ ఆడుతున్నట్లు ఊహించుకొమ్మన్నారు. ఆరోగ్యవంతులు అట్లా ఊహించినప్పుడు మెదడులో ఏ భాగం చురుకుగా పనిచేస్తుందో, ఆమె మెదడులోనూ అదే భాగం పనిచేసింది. స్పృహ లేదని వైద్యులు నిర్ణయించిన ఆ యువతి వింటూనే ఉన్నది!

చైతన్యాన్ని భౌతికశాస్త్రమూ గణనమూ వివరించగలవా అన్న చర్చ కేవలం పండితుల వినోదం కాదనడానికి ఈ ఉదాహరణ చాలు.

యంత్రం మనిషివలె సంభాషించగలిగితే దానికి ఆలోచన ఉన్నదని ఒప్పుకోవచ్చునని 1950లో ఆలన్ ట్యూరింగ్ ప్రతిపాదించాడు. చైనా భాష రానివాడు నియమాల పుస్తకం చూసి ఆ లిపిలో సరైన జవాబులు వ్రాసినంత మాత్రాన అతనికి ఆ భాష అర్థమైనట్లా అని 1980లో జాన్ సెర్ల్ ప్రశ్నించాడు. అర్థం తెలియకుండానే మంత్రాన్ని తప్పు లేకుండా వల్లించే బాలుని చూసిన తెలుగువారికి ఈ వాదం సులభంగానే బోధపడుతుంది. ధారాళమైన పలుకు చైతన్యానికి నిదర్శనం కాదు.

మరి భౌతికశాస్త్రం సంగతి? మిరపకాయ కొరికితే నాలుకనుండి మెదడుకు సంకేతం ఎట్లా చేరుతుందో అది చెప్పగలదు. ఆ సంకేతం మంటగా ఎందుకు అనుభవమవుతుందో చెప్పలేదు. డేవిడ్ ఛామర్స్ 1995లో కఠిన సమస్య అన్నది దీనినే. మెదడులో చైతన్యపు జాడ పాతికేళ్లలో స్పష్టమవుతుందని 1998లో ఆయనతో పందెం కట్టిన క్రిస్టోఫ్ కోఖ్, 2023లో ఓటమి అంగీకరించాడు.

అంతమాత్రాన, ఇదంతా ఉపనిషత్తులు ఏనాడో తేల్చాయని చేతులు దులుపుకోవడం తగదు. ఆ యువతి మెదడును చూపినవి అయస్కాంత క్షేత్రంలో పరమాణు కేంద్రకాల స్పందనను పట్టే భౌతికశాస్త్రమూ, దానిని చిత్రంగా మలచే గణనమూ. 2024లో వెలువడిన అధ్యయనంలో, ఏ ఆదేశానికీ పైకి స్పందించని 241 మందిని ఇట్టి పద్ధతులతో పరీక్షించగా 60 మంది మెదళ్లు ఆదేశాన్ని పాటించినట్లు తేలింది. వివరించలేని చైతన్యాన్ని కూడా విజ్ఞానం కనిపెట్టగలుగుతున్నది.

కనుక మాట్లాడే యంత్రంలో చైతన్యం ఉన్నదని తొందరపడనక్కరలేదు. మాట్లాడని మనిషిలో లేదని అసలే తొందరపడరాదు. పలుకు లేని ఆప్తుని మంచం ప్రక్కన కూర్చున్న కుటుంబం ఆశలు వదులుకొనే ముందు ఇట్టి పరీక్ష గురించి వైద్యులను అడగాలి. అంతవరకూ, అక్కడ ఆడే ప్రతి మాటా ఆయన వింటున్నాడనే భావించి ఆడాలి.