ఆ సైరన్ వెనుక ఒక కమిటీ ఉంది: మన రివ్యూల్లో ఎప్పుడూ కనిపించని ఫీచర్ గురించి

2023లో మీ ఫోన్ ఒక్కసారిగా కెవ్వుమని అరిచిన రోజు గుర్తుందా? ఆగస్టు నుంచి అక్టోబర్ వరకు దేశమంతా విడతలవారీగా టెస్ట్ అలర్ట్‌లు పంపారు. స్క్రీన్ నిండా ఒక బాక్స్, ఎప్పుడూ వినని బీప్, వైబ్రేషన్. ఊళ్లో ఉన్న మా అమ్మ రెండు నిమిషాల్లో కాల్ చేసింది. "ఒరేయ్, ఫోన్ ఏదో అరుస్తోందిరా, పేలిపోతుందేమో!" అని.

ఆ రోజు నా టేబుల్ మీద మూడు ఫోన్లు ఉన్నాయి. రెండు మోగాయి. మూడోది మాత్రం నోరు మెదపలేదు. అంతకు వారం ముందే దానికి 'వాల్యూ ఫర్ మనీ' అని నాలుగున్నర స్టార్లు ఇచ్చాను. గది అదే, నెట్‌వర్క్ అదే. సెట్టింగ్స్‌లో చాలాసేపు వెతికితే అర్థమైంది, ఎమర్జెన్సీ అలర్ట్స్ ఆప్షన్ ఆఫ్‌లో ఉంది. ఆ ఫోన్ కెమెరా గురించి ఆరు పేరాలు రాశాను. దీని గురించి ఒక్క వాక్యం కూడా లేదు. నిజం చెప్పాలంటే, చెక్ చేయాలన్న ఆలోచనే రాలేదు.

ఆ తప్పు తర్వాత ఈ అలర్ట్‌ల సంగతి చదవడం మొదలుపెట్టాను. తెలిసిందేంటంటే, ఫోన్‌లో ప్రాణం కాపాడగల ఈ ఫీచర్‌ని ఏ బ్రాండూ ఒంటరిగా కనిపెట్టలేదు. బోర్ కొట్టే మీటింగుల్లో, ఒక్కో పదం దగ్గర ఆగి వాదించుకున్న కమిటీలు తయారు చేశాయి. గ్యాడ్జెట్ల మీద ఇష్టం ఉన్న మనం ప్రాసెసర్ల పేర్లు నిద్రలో కూడా చెప్తాం కానీ ఈ కమిటీల పేరు కూడా వినలేదు. ఇది మారాలన్నదే నా వాదన.

ఒక్క ఫార్మాట్ ఎందుకు కావాలి?

ముందు సమస్య చూద్దాం. తుపాను సమాచారం వాతావరణ శాఖ దగ్గర ఉంటుంది. నది వరద సమాచారం కేంద్ర జల సంఘం దగ్గర ఉంటుంది. సునామీ, సముద్రపు అలల సంగతి చూసేది మన హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్. వీళ్లు చెప్పే మాట ఎస్ఎంఎస్, టీవీ, రేడియో, సైరన్, యాప్, సెల్ టవర్ ఇలా రకరకాల దారుల్లో జనానికి చేరాలి. ఐదుగురు పంపేవాళ్లు, ఆరు దారులు అనుకోండి. ఎవరి ఫార్మాట్ వాళ్లదైతే 30 కన్వర్టర్లు రాయాలి. మధ్యలో అందరికీ ఒకే ఫార్మాట్ ఉంటే 11 చాలు. లెక్క అంతే.

2000 నవంబర్‌లో అమెరికా నేషనల్ సైన్స్ అండ్ టెక్నాలజీ కౌన్సిల్ నివేదిక ఒకటి ఇదే చెప్పింది. హెచ్చరికలన్నీ ఒకే పద్ధతిలో సేకరించి, అన్ని దారుల్లోకీ ఒకేసారి పంపే ఏర్పాటు కావాలని. 2001లో 130 మందికి పైగా ఎమర్జెన్సీ అధికారులు, టెక్నాలజీ నిపుణులు కలిసి పని మొదలుపెట్టారు. తర్వాత ఆ డ్రాఫ్ట్ ఒయాసిస్ అనే ఓపెన్ స్టాండర్డ్స్ సంస్థలోని టెక్నికల్ కమిటీకి చేరింది. 2004 ఏప్రిల్‌లో 'కామన్ అలర్టింగ్ ప్రోటోకాల్' 1.0 వచ్చింది. పొట్టిగా 'క్యాప్' అంటారు. 2005లో 1.1, 2010 జులైలో 1.2 వచ్చాయి. 2007లో ఐక్యరాజ్యసమితికి చెందిన ఐటీయూ కూడా దీన్ని తన సిఫార్సుగా తీసుకుంది.

మన దేశంలో సీ-డాట్ తయారు చేసిన, ఎన్‌డీఎంఏ నడిపే 'సచేత్' వ్యవస్థకు ఆధారం ఈ క్యాపే. వాతావరణ శాఖ, జల సంఘం, ఇన్‌కాయిస్ లాంటివన్నీ అందులోకే అలర్ట్ పంపుతాయి.

మూడు ప్రశ్నలు, ఎనిమిది ఛానెళ్లు

క్యాప్ మెసేజ్ అంటే ఒక చిన్న ఎక్స్‌ఎంఎల్ ఫైల్. దాని తెలివంతా మూడు ఫీల్డ్‌లలో ఉంది. అర్జెన్సీ: ఎంత త్వరగా కదలాలి? సివియారిటీ: ఎంత నష్టం జరగొచ్చు? సర్టెన్టీ: ఎంత నమ్మకంగా చెప్తున్నారు?

ఇవి ఒకటే అనిపిస్తాయి కానీ కాదు. ఎక్కడో సముద్రం అడుగున భూకంపం వచ్చిందనుకోండి. సునామీ వస్తే నష్టం ఘోరం, కానీ వస్తుందో లేదో ఇంకా తెలియదు. అదే వాగు ఇప్పటికే రోడ్డెక్కి పారుతోందంటే నష్టం కొంచెమే కావొచ్చు, కానీ అది కళ్ల ముందు జరుగుతోంది. రెండింటికీ 'ప్రమాద హెచ్చరిక' అని ఒకే మాట వాడితే వినేవాడికి ఏం అర్థమవుతుంది?

అందుకే ప్రతి ఫీల్డ్‌కి ఇన్నే సమాధానాలు అని గీత గీశారు. అర్జెన్సీలో 'ఎక్స్‌పెక్టెడ్' అంటే గంటలోపు కదలాలి అని అర్థం. సర్టెన్టీలో 'లైక్లీ' అంటే జరిగే అవకాశం సుమారు 50 శాతం కన్నా ఎక్కువ. మొదటి వెర్షన్‌లో 'వెరీ లైక్లీ' అని ఇంకోటి ఉండేది. 1.1లో దాన్ని పక్కన పెట్టేశారు. పాత మెసేజ్‌లో అది కనిపిస్తే 'లైక్లీ' కిందే లెక్కేయమన్నారు. ఒక్క మాట తీసేయడం చిన్న పనిలా కనిపిస్తుంది. కానీ అర్ధరాత్రి డ్యూటీలో ఉన్న ఆపరేటర్‌కి 'చాలా అవకాశం', 'అవకాశం' మధ్య తేడా ఆలోచించే టైమ్ ఉండదు కదా.

ఇప్పుడు మీకు నచ్చే పార్ట్. ఫోన్ల వైపు స్టాండర్డ్ రాసేది 3జీపీపీ, అంటే 4జీ, 5జీ రాసేవాళ్లే. అమెరికా అలర్ట్ వ్యవస్థ కోసం వాళ్లు 4371 నుంచి 4378 వరకు ఎనిమిది సెల్ బ్రాడ్‌కాస్ట్ ఛానెళ్లు కేటాయించారు. ఎనిమిదే ఎందుకు? రెండు సివియారిటీలు, రెండు అర్జెన్సీలు, రెండు సర్టెన్టీలు. రెండు రెళ్లు నాలుగు, నాలుగు రెళ్లు ఎనిమిది. మీ ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో కనిపించే 'ఎక్స్‌ట్రీమ్ థ్రెట్స్', 'సివియర్ థ్రెట్స్' స్విచ్‌ల వెనుక ఉన్నది ఈ ఛానెళ్లే. ఒక కమిటీ రాసిన పదం, ఇంకో కమిటీలో నంబరై, మీ చేతిలో టాగుల్‌గా మారింది. సెల్ బ్రాడ్‌కాస్ట్‌కి మీ నంబర్ కూడా అక్కర్లేదు. టవర్ ఒకేసారి చుట్టుపక్కల అందరికీ అరుస్తుంది, ఎస్ఎంఎస్‌లా ఒక్కొక్కరికీ క్యూలో పంపదు.

తెలుగుకి చోటెంత?

క్యాప్‌లో భాషకి ఇబ్బంది లేదు. ఒకే అలర్ట్‌లో ఎన్ని భాషల సమాచారమైనా విడివిడి బ్లాకులుగా పెట్టొచ్చు. ఇబ్బంది టవర్ దగ్గర మొదలవుతుంది. సెల్ బ్రాడ్‌కాస్ట్‌లో ఒక పేజీ 82 బైట్లు, మొత్తం 15 పేజీలు. ఇంగ్లిష్‌లో అయితే పేజీకి 93 అక్షరాల చొప్పున 1395 పడతాయి. తెలుగుకి ఒక్కో కోడ్‌కి రెండు బైట్లు కావాలి, కాబట్టి 600 చిల్లరతో సరి. పైగా మనకి ఒత్తులు, గుణింతాలు విడిగా లెక్కకొస్తాయి. 'జాగ్రత్త' అనే మాట కంటికి మూడక్షరాలే, ఫోన్‌కి మాత్రం ఎనిమిది కోడ్‌లు.

కాబట్టి తెలుగు అలర్ట్ రాసేవాళ్లు ఇంగ్లిష్ మెసేజ్‌ని మక్కీకి మక్కీ అనువాదం చేస్తే కుదరదు. మొదటి లైన్‌లోనే ఏం వస్తోంది, ఎక్కడికి వస్తోంది, మీరేం చేయాలి అని చెప్పేయాలి. ఎస్ఎంఎస్ విషయంలో 3జీపీపీ తెలుగుతో పాటు మరికొన్ని భారతీయ భాషలకి ప్రత్యేకమైన 7-బిట్ టేబుల్ ఇచ్చింది. అంటే చోటు దానంతట అదే దొరకదు, ఎవరో ఆ గదిలో కూర్చుని మన భాష కోసం అడగాలి.

ఖాళీగా వదిలేసిన ఫీల్డ్

స్టాండర్డ్ ఎంత బాగున్నా, నింపే చేయి బాగుండాలి. క్యాప్‌లో 'ఇన్‌స్ట్రక్షన్' అనే ఫీల్డ్ ఉంది. జనం ఏం చేయాలో చెప్పేది అదే. కానీ అది తప్పనిసరి కాదు. ఏరియాని పాలిగాన్‌గా గీయొచ్చు. కనీసం నాలుగు పాయింట్లు ఉండాలి, మొదటిది, చివరిది ఒకటే కావాలి. అదీ తప్పనిసరి కాదు, ప్రాంతం పేరు రాస్తే సరిపోతుంది.

ఫలితం ఎలా ఉంటుందో మా రూమ్‌లోనే చూశాను. ఒక సాయంత్రం జిల్లా మొత్తానికీ కలిపి పిడుగుల హెచ్చరికలు మూడు వరుసగా వచ్చాయి. మా దగ్గర చుక్క వాన లేదు. ఎక్కడ జాగ్రత్తగా ఉండాలో, ఏం చేయాలో వాటిలో లేదు. మూడోది రాగానే మా రూమ్‌మేట్ ఫోన్‌లో అలర్ట్‌లన్నీ ఆఫ్ చేసేశాడు. ఇంకోసారి నిజంగా ప్రమాదం వస్తే? 'నాన్నా, పులి' కథ మనందరికీ తెలిసిందే.

మన తీరానికి ఈ విషయం ఆటకాదు. 1977 నవంబర్ 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేల మంది పోయారు. ప్రమాదం ఎంత పెద్దదో ఆ లంక గ్రామాల్లో చాలామందికి తెలిసేలోపే నీళ్లు మీదికొచ్చాయి. ఇప్పుడు అదే ఊళ్లలో ప్రతి జేబులో ఫోన్ ఉంది. ఆ ఫోన్ సరైన మాట, సరైన చోట, సరైన టైమ్‌లో చెప్పాలి.

కమిటీలు స్లో కదా?

ఈ మాట చాలామంది అంటారు. నిజమే, క్యాప్ 1.2 వచ్చి చాలా ఏళ్లయింది. ఏదైనా పెద్ద కంపెనీకి అప్పజెప్తే మూడు నెలల్లో అందమైన యాప్ ఇస్తుంది. కానీ ఆ యాప్ కీప్యాడ్ ఫోన్‌లో ఉండదు. పంచాయతీ మైకులో ఉండదు, పడవలో రేడియోకి తెలియదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను తాకాక మొబైల్ నెట్‌వర్కులే పడిపోయాయి. అలాంటప్పుడు ఒకే మెసేజ్‌ని రేడియో, సైరన్ కూడా అర్థం చేసుకోగలగాలి. అది ఓపెన్ ఫార్మాట్‌తోనే కుదురుతుంది. ఇలాంటి చోట మెల్లగా మారడం కూడా మంచిదే. పదేళ్ల కిందట కొన్న సైరన్ బాక్స్ ఇవాళ్టి అలర్ట్‌ని చదవగలుగుతుంది.

అలాగని కమిటీలకి వంద మార్కులు వేయను. ఒయాసిస్‌లో సభ్యత్వానికి డబ్బు కట్టాలి. కాబట్టి స్తోమత ఉన్న సంస్థల గొంతే ఎక్కువగా వినిపిస్తుంది. అయితే స్పెసిఫికేషన్ ఫ్రీగా చదవొచ్చు, పబ్లిక్ రివ్యూలో సభ్యులు కానివాళ్లు కూడా అభిప్రాయం పంపొచ్చు. తలుపు పూర్తిగా మూసి లేదు. మనమే తట్టడం లేదు.

ఇక మన వంతు

నా వరకు నేను ఒక మాట ఇస్తున్నా. ఇకపై నేను రాసే ప్రతి ఫోన్ రివ్యూలో మూడు సంగతులు ఉంటాయి: ఎమర్జెన్సీ అలర్ట్స్ ఆప్షన్ డీఫాల్ట్‌గా ఆన్‌లో ఉందా, ఎన్ని మెనూలు దాటితే దొరుకుతుంది, తెలుగు టెక్స్ట్ ఒత్తులు విరగకుండా కనిపిస్తోందా. ఆఫ్‌లో ఉంటే స్టార్ కట్.

మీరు చేయాల్సింది ఇంకా తేలిక. ఇప్పుడే సెట్టింగ్స్‌లోకి వెళ్లి 'ఎమర్జెన్సీ అలర్ట్స్' అని సెర్చ్ చేయండి. కంపెనీని బట్టి పేరు కొంచెం మారొచ్చు. ఆఫ్‌లో ఉంటే ఆన్ చేయండి. కోడింగ్ వచ్చినవాళ్లైతే క్యాప్ 1.2 డాక్యుమెంట్ ఒక్కసారి చదవండి, ఒక సాయంత్రం చాలు. ఇంజినీరింగ్ ప్రాజెక్ట్‌కి ఇంకో అటెండెన్స్ యాప్ రాసే బదులు, క్యాప్ అలర్ట్‌ని తీసుకుని మంచి తెలుగులో చదివి వినిపించే చిన్న బాక్స్ ఒకటి చేయండి.

ఆ తర్వాత ఇంటికి ఫోన్ చేసి అమ్మకో, తాతయ్యకో చెప్పండి. ఈసారి ఫోన్ అరిస్తే భయపడొద్దు, పక్కన పెట్టేయొద్దు, ముందు స్క్రీన్ మీద ఏముందో చదవమనండి. మా అమ్మకి నేను చెప్పేశాను.