పూత మీద తోట, పెట్టె లెక్కన ప్లేట్లు

నూజివీడు ప్రాంతంలో మామిడి పూత మీద బేరాలు సాగే రోజులివి. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, రెడ్డిగూడెం వైపు తోటలు గుత్తకు చేతులు మారుతున్నాయి. రసాలు, బంగినపల్లి ఏ ధర పలికేదీ కాయ కోతకు వచ్చాకగాని తేలదు. ఈలోగా మరొక సరుకును గురించి ప్రస్తావించదలచాము. దానికి యార్డు లేదు, కాటా లేదు, ధరవరల పట్టిక లేదు. అయినా కొనుగోలుదార్లు వూళ్లలోకి వస్తూనే వున్నారు. ఆ సరుకు పాత గ్రామఫోను ప్లేట్లు.

ఆగిరిపల్లి చేరువలో ఒక రైతు ఇంట జరిగిన బేరం మేము కళ్లారా చూశాము. అటక మీది ఇనప్పెట్టెలో సుమారు 60 ప్లేట్లు వున్నాయి. వచ్చిన ఆసామీ ఒక్కటి కూడా వేసి వినలేదు. ఒక్కొక్క ప్లేటునూ వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూశాడు, నడిమి కాగితంపై నెంబరు చదివాడు, పక్కన పెట్టాడు. చివరకు పెట్టె మొత్తానికి 3,000 రూపాయలన్నాడు. ఇంటివారు సంతోషించారు. పాత ఇనుముకు వేస్తే అంత రాదు గదా! సర్దుకునేటప్పుడు మాత్రం నాలుగు ప్లేట్లను విడిగా తీసి, తన లుంగీలో చుట్టి, సంచి అడుగున భద్రపరచుకున్నాడు. తక్కినవి కారు డిక్కీలో పడేశాడు. బేరం ఆ నాలుగింటికే జరిగిందని అప్పుడుగాని ఇంటివారికి అర్థం కాలేదు.

ధర చెప్పినవాడూ అతడే, కొన్నవాడూ అతడే. ఇందులో మోసం జరిగిందని మేము అనడం లేదు. పూత చూసి తోట కొనే వ్యాపారి కూడా తన లెక్క రైతుకు చెప్పడు. అయితే పూత మీద కొన్నవాడికి గాలివాన భయం, తేనెమంచు పురుగు భయం వుంటాయి. ప్లేట్ల వ్యాపారికి అటువంటి భయమేమీ లేదు. పండిన కాయను చేతిలో తిప్పి చూసుకుని మరీ పూత ధరకు పట్టుకుపోతున్నాడు. మా అభ్యంతరమల్లా ఇక్కడనే.

అమ్మేవారిలో ఒక దురభిప్రాయం బలంగా వున్నది. పేరున్న గాయకుడి ప్లేటుకే ధర పలుకుతుందని వారి నమ్మకం. వాస్తవం దాదాపు దీనికి తలక్రిందులు. కృష్ణా జిల్లా చౌటపల్లిలో 1922లో పుట్టిన ఘంటసాల ‘పుష్పవిలాపం’ వూరూరా మ్రోగింది. 1974లో ఆయన మరణానంతరం వెలువడిన ‘భగవద్గీత’ గాని, 1963 నాటి సుబ్బులక్ష్మి ‘శ్రీ వేంకటేశ్వర సుప్రభాతం’ గాని లేని భక్తుల ఇల్లు అరుదు. అన్ని ఇళ్లలో వున్న సరుకుకు గిరాకీ వుండవచ్చుగాని ధర వుండదు. ఆ రోజుల్లో అమ్ముడుపోక మిగిలినవీ, కొద్దిగా మాత్రమే అచ్చయినవీ, పేరు చెబితే ఎవరికీ గుర్తురాని నటుల పద్యాలు గలవీ – సేకర్తలు వెతికేది వాటినే.

ఇది మన దేశానికే పరిమితమైన వింత కాదు. అమెరికా నల్లజాతి గాయకుల సంగీతానికి ‘సోల్’ అని పేరు. వారి దేశంలో అమ్ముడుపోని సోల్ రికార్డులకు సముద్రానికి ఈవల, ఉత్తర ఇంగ్లండులో పట్టాభిషేకం జరిగింది. విగన్ పట్టణంలోని క్యాసినో నృత్యశాలలో 1973 నుంచి 1981 వరకు కార్మిక యువకులు తెల్లవార్లూ నృత్యం చేసింది ఈ పాటలకే. మరొకరి వద్ద లేని రికార్డు తమ వద్ద వుండడమే అక్కడ రికార్డులు వేసేవారి పెట్టుబడి. పోటీదార్లు పసిగట్టకుండా నడిమి కాగితంపై తెల్లకాగితం అంటించి, గాయకుడికి దొంగపేరు పెట్టి వాయించేవారు. డెట్రాయిట్‌లోని మోటౌన్ కంపెనీ 1965లో ఫ్రాంక్ విల్సన్ పాడిన రికార్డు ఒకటి తయారుచేసి, విడుదల చేయకుండానే ఆపివేసింది. వేళ్లమీద లెక్కించదగిన ప్రతులే మిగిలాయి. వాటిలో ఒకటి 2009లో 25,742 పౌండ్లకు అమ్ముడయింది. పాట బాగుండడం ఒక కారణమే. అంతకంటె పెద్ద కారణం, మరొకటి దొరకకపోవడం.

మన ప్లేట్లకు ఆ స్థాయి ధర వస్తుందని ఎవరూ ఆశ పెట్టుకోనక్కరలేదు. కొనేవారు తక్కువ. కాని సూత్రం ఒక్కటే. పైగా ఈ మామిడి సీమకు ఒక విశేషం వున్నది. పక్కనే మైలవరం. అక్కడి జమీందారీ ప్రాపకంలో వెలసిన బాలభారతీ నాటక సమాజం యడవల్లి సూర్యనారాయణ వంటి మహానటుణ్ణి ఆంధ్రదేశానికి చూపింది. నాటకాల పిచ్చి గల ఇళ్లలోకి కీ ఇచ్చి తిప్పే గ్రామఫోనూ, దానితోపాటు కపిలవాయి రామనాథశాస్త్రి, స్థానం నరసింహారావు ప్రభృతుల పద్యాల ప్లేట్లూ వచ్చాయి. మామిడి డబ్బు చేతిలో ఆడినప్పుడు కొన్న సరుకు అది. పది అంగుళాల ప్లేటు, ఒక వైపు మూడు నిమిషాల చిల్లర. అందులో ఇమడడానికి నటులు రాగాలను కత్తిరించుకున్నారు. వేదికపై పావుగంట సాగదీసి, ఒన్స్ మోర్లు కొట్టించుకున్నవారికి అది ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు.

ఈ ప్లేట్లు లక్కలో రాతిపొడి కలిపి చేసినవి. మన దేశంలో 1970 ప్రాంతం వరకు తయారయ్యాయి. చేయి జారితే పెంకులే. తరువాతి కాలపు వినైల్ ప్లేటు పగలదుగాని ఎండకు వంకర పోతుంది. లక్క ప్లేటును స్పిరిటుతో తుడవడం కొందరికి అలవాటు. స్పిరిటు లక్కను కరిగిస్తుంది. తుడిచినవారు ధరను తుడిచివేసినట్లే. ఒకదానిపై ఒకటి దొంతర పేర్చరాదు, నిలువుగా వుంచాలి. ముల్లు మార్చకుండా అరగదీసిన ప్లేటుపై గాళ్లు బూడిదరంగు తిరుగుతాయి; కొనేవాడు వెలుతురులో చూసేది దానినే. నాణ్యతకు విదేశీ అంగళ్లలో తరగతులు వున్నాయి. వాటిలో ‘వెరీ గుడ్’ అంటే నిజానికి మధ్యరకం. మామిడి కాటా దగ్గర ‘మంచి కాయే, కొంచెం మచ్చ వుంది’ అనే మాట విన్నవారికి ఇది కొత్త కాదు.

అందుచేత మేము చెప్పేది పెట్టె లెక్కన అమ్మవద్దని. కంపెనీ పేరు, నెంబరు, నటుడి పేరు, పద్యం ఎత్తుగడ – ఇంతే నోటుపుస్తకంలో వ్రాసుకుంటే చాలు. ముల్లు ఆగే చోట లక్కలోనే చెక్కిన మరొక నెంబరు వుంటుంది, దానినీ వ్రాసుకోవాలి. డిస్కాగ్స్ వంటి అంతర్జాతీయ అంగడిలో లోగడ జరిగిన అమ్మకాల ధరలు ఎవరైనా చూడవచ్చు. తెలుగు లక్క ప్లేట్ల సమాచారం అక్కడ పలుచనే. అయినా పట్టిక చేతిలో వున్న ఇంటికి ఇద్దరు ముగ్గురు కొనుగోలుదార్లు వస్తారు. ఒకే కొనుగోలుదారు వున్నచోట దానిని బజారు అనరు.

ఇక సేకర్తల మాట. వారిని దళారులతో కలిపి తిట్టడం న్యాయం కాదు. మద్రాసులో వి.ఎ.కె. రంగారావు వంటివారు వేల సంఖ్యలో ప్లేట్లు కూర్చి, వాటి వివరాలు వ్రాయకపోతే పాత గాయకుల పేర్లు సైతం మిగిలేవి కావు. అటక మీద వున్నది ‘వారసత్వం’ అని ఇప్పుడు పలికే ఇళ్లలోనే, పిల్లలు ఆ ప్లేట్లను గోడకేసి విసిరి ఆడుకున్న సంగతి మాకు తెలుసు. కాని కొన్న ప్లేటును బీరువాలో పెట్టి, ధర పెరగాలని ఎవరికీ వినిపించని సేకర్తలూ వున్నారు. వారు దాచేది లక్కను కాదు, ఒక మనిషి గొంతును.

దీనికి బేరంలోనే దారి వున్నది. ప్లేటు ఇచ్చేటప్పుడు డబ్బుతోపాటు అందులోని ధ్వని ప్రతి ఒకటి ఇవ్వాలని అమ్మేవారు షరతు పెట్టాలి. మన చట్టం ప్రకారం ధ్వనిముద్రణపై హక్కు వెలువడిన మరుసటి ఏడాది నుంచి 60 సంవత్సరాలు. పద్యం వ్రాసిన కవి హక్కు వేరు, అది ఆయన మరణానంతరం 60 ఏళ్ల వరకు వుంటుంది. 1930ల నాటి ముద్రణలపై కంపెనీ హక్కు ఏనాడో తీరింది. కొన్నవాడు దానిని ఇంటర్నెట్టులో పెట్టి రాబడి తెచ్చుకోవచ్చు. అమ్మినవారికి తాతగారు విన్న పద్యం వినే భాగ్యమైనా దక్కవద్దా? ఒక్క ప్రతి ఇస్తే సేకర్తకు వచ్చే నష్టం లేదు. ప్లేటు అరుదుదనం ప్లేటుదే. ఈ షరతుకు ఒప్పుకోని కొనుగోలుదారును వదులుకోవచ్చునని మా అభిప్రాయం.

పట్టిక వ్రాయడం మైలవరం వైపు ఒక ఇంట మొదలయింది. ఒక నాటకం సెట్టులో వారి వద్ద సగమే తేలింది. పూర్వం అన్నదమ్ములు వాటాలు పంచుకున్నప్పుడు తోట గట్టు వేసి విడదీసినట్లే, ఆ సెట్టును కూడా చెరి సగం పంచుకున్నారట! రెండవ సగం నూజివీడులో తమ్ముడి మనుమల ఇంట వున్నది. రెండు ఇళ్లకూ మాటలు లేవు. విడివిడిగా అమ్మితే వచ్చేది విరిగిన సెట్టు ధరే. పూత బేరాలు ముగిసేలోగా పెద్దమనిషి ఒకరు మధ్యన కూర్చుంటారని చెబుతున్నారు.