కొత్త బండికి మళ్లీ కొత్త టైర్లా?

కొత్త టైరు చేసే మొదటి పని నిమ్మకాయను తొక్కడం. గుడి ముందు కొబ్బరికాయ కొట్టి, హ్యాండిల్‌కు దండ వేసి, చక్రం కింద నిమ్మకాయ పెడతారు. బండి కదులుతుంది. 'చిట్‌'మని చప్పుడు. అమ్మకు తృప్తి. అబ్బాయి చూపు మాత్రం అప్పటికే వెనక టైరు మీద ఉంటుంది.

'సైకిల్ టైరులా ఎంత సన్నగా ఉందో చూడు నాన్నా! మా ఫ్రెండ్ వారంలోనే మార్పించేశాడు. కంపెనీ ఇచ్చేవన్నీ చవక రకాలేనట...'

నాన్న గుండెలో రాయి పడుతుంది. లక్షకు పైన పోసి తెచ్చిన బండి. దండలో పూలు కూడా వాడలేదు. అప్పుడే మరో ఐదారు వేలా? 'కంపెనీవాళ్లకు తెలియదా, నీకు తెలుసా' అనేస్తాడు.

నాన్న మాటలో ముప్పాతిక నిజముంది. అబ్బాయి మాటలో పాతికే ఉన్నా, అదీ కొట్టిపారేసేది కాదు. ఎందుకంటే బండికీ రోడ్డుకూ మధ్య ఉన్న బంధమంతా ఆ రెండు టైర్లే. అదైనా టైరు మొత్తం కాదు. లెక్క చాలా సులువు. మనుషులు ఎక్కాక వెనక చక్రం మీద 150 కిలోల బరువు పడిందనుకుందాం. అంటే 330 పౌన్లు. టైరులో గాలి చదరపు అంగుళానికి 32 పౌన్లు. భాగిస్తే సుమారు పది చదరపు అంగుళాలు. అరచెయ్యంత! బ్రేకు వేసినా, వానలో మలుపు తిప్పినా, వెనక అమ్మ కూర్చున్నా... అంతా ఆ అరచెయ్యి మీదే.

ఇదే లెక్క ఇంకో సంగతీ చెబుతుంది. బరువు అదే, గాలి అదే అయితే లావు టైరు వేసినా నేలను తాకే చోటు పెద్దగా పెరగదు. దాని ఆకారం మారుతుంది, అంతే. 'లావు టైరు వేస్తే డబుల్ గ్రిప్పు' అన్నది టైర్ల షాపు ముందు పుట్టిన మాట.

తొందరపడితే తప్పు తీర్పే

కొత్త బండి మొదటి వారంలో కాస్త జారినట్టు ఉంటుంది. అది నిజమే. అచ్చులోంచి వచ్చిన రబ్బరు పైపొర నున్నగా ఉంటుంది. అది గరుకుదేలడానికి 150 నుంచి 200 కిలోమీటర్లు పడుతుంది. అప్పటిదాకా గట్టి బ్రేకులు, పక్కకు బాగా వాల్చి మలుపులు తిప్పడం వద్దు. వానలో అయితే మరీ వద్దు. టైరు మీద లేచి ఉండే సన్నటి రబ్బరు వెంట్రుకలు చూసి 'అదే గ్రిప్పు' అనుకుని మురిసిపోయేవాళ్లూ ఉన్నారు. అచ్చులోని గాలి రంధ్రాల్లోకి రబ్బరు పాకితే ఏర్పడేవే అవి. పట్టుతో వాటికి సంబంధం లేదు.

రెండోది గాలి. షోరూమ్ నుంచి వచ్చిన బండిలో గాలి ఎంతుందో చూసుకునేవాళ్లు తక్కువ. ఎక్కువుంటే టైరు గట్టిపడి గుంతల్లో ఎగురుతుంది, పట్టు తగ్గుతుంది. తక్కువుంటే బండి బరువుగా నడుస్తుంది, అంచులు అరుగుతాయి. ఎంత ఉండాలన్నది బండి మీద స్టిక్కర్లోనో, ఓనర్స్ మాన్యువల్‌లోనో రాసే ఉంటుంది. ఒక్కరు వెళితే ఒక అంకె, ఇద్దరు వెళితే ఇంకో అంకె. పంక్చర్ షాపు కుర్రాడు అన్ని బళ్లకూ ఒకే అంకె కొట్టేస్తాడు... అదీ ఎండలో పది కిలోమీటర్లు వచ్చి వేడెక్కిన టైరుకు. చూడాల్సింది ఉదయాన్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు.

మూడోది వాటర్ వాషింగ్. కడిగాక మెరవడానికి డీజిలో, పాలిషో కొడతారు. ఆ తుంపర టైరు నేలకు తగిలేచోట పడితే ఎంత ఖరీదైన టైరైనా జారుతుంది. పాపం, నింద మాత్రం కంపెనీ టైరుకు!

గాలి టైరు చరిత్రలోనూ ఓ తండ్రి ఉన్నాడు. బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడైన జాన్ బాయిడ్ డన్‌లప్ 1887లో కొడుకు మూడు చక్రాల సైకిల్ కుదుపులు తగ్గించాలని రబ్బరు గొట్టంలో గాలి నింపి చూశాడు. మరుసటి ఏడాదే పేటెంటు తీసుకున్నాడు. కొడుకు బండి టైర్ల మీద తండ్రులు తల పట్టుకోవడం అప్పటి నుంచీ ఉన్నదేనన్నమాట.

ఇంతకీ కంపెనీ టైరు చవక రకమా? అలా అనలేం. రోజూ ఆఫీసుకు వెళ్లే బండికి మైలేజీ రావాలి, టైరు ఎక్కువ కాలం మన్నాలి, ధర అదుపులో ఉండాలి. అందుకే కాస్త గట్టి రబ్బరు వాడతారు. మెత్తటి రబ్బరు రోడ్డును బాగా పట్టుకుంటుంది, కానీ త్వరగా అరుగుతుంది. కంపెనీ టైరు రెడీమేడ్ చొక్కా లాంటిది. చాలామందికి సరిపోతుంది, కొందరికి భుజాల దగ్గర పట్టేస్తుంది.

అంకెల్లో ఉంది అసలు కథ

టైరు పక్కన '100/90-17 ఎం/సీ 55పీ' లాంటి రాత కనిపిస్తుంది. 150 సీసీ బళ్ల వెనక చక్రాలకు మామూలుగా ఉండే సైజు ఇది. 100 అంటే వెడల్పు, మిల్లీమీటర్లలో. 90 అంటే ఆ వెడల్పులో నూటికి 90 వంతుల ఎత్తు. 17 రిమ్ము అంగుళాలు. 55 అన్నది బరువు సూచిక... 218 కిలోల దాకా మోస్తుందని. 'పీ' అంటే గంటకు 150 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుందని. టైరు మార్చినా ఈ చివరి రెండూ పాతదానికంటే తగ్గకూడదు. భార్యాభర్తలు, మధ్యలో పిల్ల, ముందు బియ్యం సంచీ... మన బళ్లు మోసే బరువు తెలిసిందేగా!

ఇప్పుడు అబ్బాయి అడిగిన లావు టైరు సంగతి. 100/90-17 బదులు 120/80-17 వేశారనుకోండి. చక్రం వ్యాసం 12 మిల్లీమీటర్లు పెరుగుతుంది. చూడ్డానికి చిన్నదే. కానీ కొన్ని బళ్లలో స్పీడోమీటరుకూ అసలు వేగానికీ తేడా వస్తుంది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బళ్లకు ఏబీఎస్ తప్పనిసరి అయింది. అది చక్రాల వేగం కొలిచే పనిచేస్తుంది. కంపెనీ లెక్కగట్టిన సైజు మారిస్తే దాని లెక్కా కదులుతుంది. ఇక సన్న రిమ్ముకు లావు టైరు తొడిగితే అంచులు నొక్కుకుపోయి, మధ్యభాగం గుడ్డులా పైకి పొంగుతుంది. నేలకు తాకేది ఆ కొసే. చెయిన్‌కో, మడ్‌గార్డుకో రాసుకోవడం, మైలేజీ తగ్గడం అదనం.

నల్లరేగడి నేలల్లో తిరిగేవాళ్లను అడిగితే ఇంకోటి చెబుతారు. తొలకరి పడ్డాక ఆ మట్టి టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య పిడచ కట్టి చక్రాన్నే ఆపేస్తుంది. టైరు లావైతే ఉన్న కాస్త సందూ పోతుంది.

విచిత్రం ఏమిటంటే, డబ్బు పెట్టేవాళ్లంతా వెనక టైరు మీదే పెడతారు. ఫొటోలో కనిపించేది అదే మరి! బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందుకు ఉరుకుతుంది. బండిని ఆపేది ఎక్కువగా ముందు టైరే. వెనక లావుది, కొత్తది తొడిగి ముందు అదే ఉంచేస్తే ఖర్చు కంటికి, ప్రమాదం ఒంటికి.

మరి మార్చకూడదా?

మార్చాల్సిన సందర్భాలూ ఉన్నాయి. డెలివరీకి ముందే టైరు పక్కన కోలగా గీసిన గడిలో నాలుగంకెలు చూడండి. 1425 అంటే 2025లో 14వ వారంలో తయారైందని. ఏడాదిలోపుదైతే దిగుల్లేదు. మూడేళ్ల కిందటిదైతే బండి గోడౌన్లో అంతకాలం నిలిచిపోయిందేమో అడగాలి. పక్కలకు సన్నటి పగుళ్లు, ఉబ్బు కనిపిస్తే మార్చి ఇమ్మనాలి. డబ్బు కట్టేశాక అడిగితే 'టైరు కంపెనీకి రాసుకోండి' అంటారు. టైరు వారంటీ చూసేది చాలావరకు టైరు కంపెనీయే.

మీరు తిరిగే దారి వేరైనా మార్పు అర్థవంతమే. బటన్ టైర్లతో వచ్చిన బండి మీద రోజూ హైవేలోనే వెళ్లేవాళ్లకు తారురోడ్డు టైర్లు నయం. శ్రీశైలం, అరకు లాంటి ఘాట్‌రోడ్లలో వానాకాలం కూడా తరచూ తిరిగేవాళ్లకు మెత్తటి రబ్బరు టైర్లు పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తాయి. ఇక ఐదారు వందల కిలోమీటర్లు తిరిగాక, గాలి సరిగ్గా ఉండి కూడా తడిరోడ్డు మీద బండి పదేపదే జారుతుంటే అబ్బాయి చెప్పేది వినాల్సిందే. అలాంటప్పుడు 'అరిగాక చూద్దాం' అనడం పొదుపు కాదు.

ఈ కారణాలేవీ లేవా? ఆ ఐదారు వేలతో వెనక కూర్చునేవాళ్లకు మంచి ఐఎస్ఐ హెల్మెట్ కొనొచ్చు. ఇంకా మిగులుతాయి కూడా. టైర్లు వాటంతటవే అరుగుతాయి. చట్టం ప్రకారం ద్విచక్ర వాహనం టైరు మీద గీతల లోతు 0.8 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు. గాడిలో చిన్న దిమ్మెలా ఉండే గుర్తుతో టైరు సమమైందంటే గడువు తీరినట్టే. వానలు మొదలయ్యే ముందు ఆ గుర్తుకు దగ్గరపడిందా అన్నది చూసుకుని, అప్పుడే మంచి రకం వేయించుకుంటే చాలు.

వేయించేటప్పుడు మాత్రం పక్కన నిలబడండి. సైజు అదేనా, ఐఎస్ఐ గుర్తుందా, తయారైన వారం ఏది? పక్కనున్న బాణం గుర్తు చక్రం తిరిగే వైపే ఉందా? ట్యూబ్‌లెస్ అయితే వాల్వు కొత్తది, ట్యూబు ఉండేదైతే ట్యూబు కొత్తది వేయించాలి. స్పోక్ చక్రాలకు చాలావాటికి ట్యూబు ఉండాల్సిందే. తక్కువ వాడిన పాత టైర్లు దుకాణదారు 'ఎందుకండీ ఇవి' అంటాడు గానీ, వాటికి గిరాకీ ఉంది. ధర కట్టించుకోండి. ఇంటికి వచ్చేటప్పుడు నెమ్మదిగా రండి, ఆ టైరుకూ మొదటి 200 కిలోమీటర్లు కొత్తే. మర్నాడు పొద్దున్నే గాలి ఇంకోసారి చూపించండి.